మందుల చీటీ దాచుకొని విదేశాలకు వెళ్లవద్దు



ఈ మధ్య మన ఓ.పి.లో ఒక మాట తరచు వినబడుతున్నది. "సిస్టరమ్మా, వచ్చే నెల అమెరికా వెళ్తున్నామండి, అమ్మాయి దగ్గరికి" అని ఒకరు. "అబ్బాయి మస్కట్ రమ్మంటున్నాడండి, ఓ నెలుండి చూసొద్దామని" అని ఇంకొకరు. కాట్రేనికోన, చెయ్యేరు, పల్లంకుర్రు, కందికుప్ప, ఏ ఊరు తీసుకున్నా విదేశంలో మనిషి లేని వీధి కనబడదు. ఒకప్పుడు గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్లినవారే ఎక్కువ. ఇప్పుడు వారి తల్లిదండ్రులు చూడడానికి వెళుతున్నారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో చదువుకొని స్థిరపడిన పిల్లలు పురుళ్లకూ పుట్టినరోజులకూ పెద్దవాళ్లను పిలిపించుకుంటున్నారు. కొబ్బరి వ్యాపారం చేసేవారు, రొయ్యల చెరువులవారు కుటుంబాలతో సింగపూరు, థాయిలాండు చూసి వస్తున్నారు. సంఘాల నుండి పరిశుద్ధ స్థలాల యాత్రకు వెళ్లివచ్చినవారు కూడ మన మధ్య ఉన్నారు.

ఇది సంతోషించవలసిన విషయమే. మన పెద్దలు జీవితమంతా కష్టపడ్డారు. నాలుగు దేశాలు చూడడం వారికి దక్కవలసిన సుఖమే. అయితే వెళ్లేటప్పుడు ఎంత ముచ్చటగా సాగనంపుతామో, వచ్చిన తరువాత వారిలో కొందరిని వార్డులో మంచం మీద చూసేది కూడ మేమే. అందుకే ఈసారి ఈ పేజీలో ప్రయాణపు ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలిచాము.

ఒక తల్లి కథ

పోయిన సంవత్సరం దగ్గరి ఊరి నుండి అరవై దాటిన ఒక తల్లి కాలి పుండుతో వచ్చి చేరింది. ఆర్నెల్లు అమెరికాలో కూతురి దగ్గర ఉండి, అప్పటికి పది రోజుల క్రితమే తిరిగి వచ్చింది. చేరిన రోజున షుగరు నాలుగు వందలు దాటి ఉన్నది. బి.పి. కూడ బాగా ఎక్కువగా ఉన్నది. మందుల పుస్తకం తీసి చూస్తే, వెళ్లేముందు రెండూ అదుపులోనే ఉన్నట్లు వ్రాసి ఉన్నది.

"ఏమ్మా, మాత్రలు వేసుకోలేదా?" అని అడిగాము.

"రెండు నెలలకి పట్టుకెళ్లానండి. అయిపోయినియ్యి. అక్కడ డాక్టరు దగ్గరికెళ్తే వేలకి వేలవుతాయంట. పురిటి ఖర్చుల్లో ఉన్న పిల్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నానండి."

"మరి అమ్మాయి అడగలేదా?"

"అడిగిందండి. 'ఆయ్, వేసుకుంటున్నానమ్మా' అనేదాన్ని."

కూతురు ఫోనులో ఏడ్చింది. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉన్న తల్లి మందులు లేకుండా ఉన్నదని ఆ పిల్లకు తెలియదు. కాలు దక్కింది గాని రెండు వేళ్లు తీయవలసి వచ్చింది.

ఈ తల్లిని తప్పు పట్టడానికి ఇది వ్రాయడం లేదు. ఆమె చేసినదంతా ప్రేమతోనే చేసింది. కాని మా వార్డు అనుభవంలో చూసినంతవరకు విదేశం వెళ్లివచ్చిన పెద్దలను ఎక్కువగా బాధపెట్టినది కొత్త దేశపు కొత్త జబ్బు కాదు. ఇంటి దగ్గర నుండే ఉన్న పాత జబ్బును దాచుకొని వెళ్లడమే. పిల్లలకు భారమని దాస్తారు. ప్రయాణం ఆపేస్తారని దాస్తారు. ఇన్సూరెన్సు ఖర్చు పెరుగుతుందని దాస్తారు. ఈ దాపరికం మానితే ప్రయాణపు ప్రమాదాల్లో చాలా భాగం తగ్గుతుందని మా గట్టి అభిప్రాయం.

ఒక కాగితం చాలు

పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుంటాము. ఆ కవరులోనే ఇంకొక కాగితం ఉండాలి. ఇంగ్లీషులో టైపు చేయించి, మీ డాక్టరుగారి సంతకము, ముద్ర వేయించుకోవాలి. అందులో ఇవి ఉండాలి: మీ పేరు, వయసు, రక్తం గ్రూపు. ఉన్న జబ్బులు. జరిగిన ఆపరేషన్లు, గుండెలో స్టెంటు వంటివి. పడని మందులు. ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు, దాని మోతాదు, రోజుకు ఎన్నిసార్లు. చివరిగా మీ పిల్లల ఫోను నంబరు, ఇక్కడి డాక్టరుగారి నంబరు.

మందుల పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. మన షాపులో ఇచ్చే కంపెనీ పేరు పరాయి దేశంలో ఎవరికీ తెలియదు. లోపలి అసలు మందు పేరు వ్రాయించుకోవాలి. అసలు పేరు కూడ కొన్ని దేశాలలో మారుతుంది. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. ఈ సంగతి తెలియక ఇంటి నుండి తెచ్చినది ఒకటి, అక్కడ కొన్నది ఒకటి, రెండూ వేసుకుంటే లివరుకు ప్రమాదం.

షుగరు అంకెలు కూడ అన్ని దేశాలలో ఒకటి కావు. మన దేశంలోనూ అమెరికాలోనూ 126, 180 అని చెబుతారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో అదే షుగరును 7, 10 అని చెబుతారు. అక్కడి అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. అక్కడి మిషనులో 15 అని చూసి "పదిహేనేనా, బాగా తగ్గిపోయింది" అని పంచదార నీళ్లు త్రాగితే ఏమవుతుంది? ఆ 15 మన లెక్కలో 270. తేదీల సంగతి కూడ అంతే. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత వ్రాస్తారు. 5/6 అంటే మనకు జూన్ 5, వారికి మే 6. కనుక కాగితం మీద నెల పేరు అక్షరాలలో వ్రాయించుకోండి.

ఈ కాగితము మూడు ప్రతులు తీయించండి. ఒకటి మీ చేతి సంచిలో, ఒకటి మీరు వెళుతున్న పిల్లల దగ్గర, ఒకటి ఇక్కడి ఇంట్లో ఉండాలి. పిల్లలారా, మీకు కూడ ఒక మనవి. "అమ్మా, మందులు వేసుకున్నావా?" అని అడిగితే "ఆయ్" అనే జవాబు వస్తుంది. అలా అడగడం మాని, వారానికి ఒకసారి మాత్రల డబ్బా తెరచి లెక్క చూడండి.

ఎన్ని మందులు, ఎక్కడ పెట్టాలి?

అమెరికా వెళ్లే సందర్శకులు సాధారణంగా మూడు నెలలకు సరిపడే సొంత మందులు, డాక్టరు చీటీతో, తీసుకువెళ్లవచ్చు. ఆరు నెలలు ఉండేవారు మిగిలిన మూడు నెలల సంగతి ఏమిటో టిక్కెట్టు కొనే రోజునే పిల్లలతో మాట్లాడుకోవాలి. అక్కడ ఏ డాక్టరుకు చూపిస్తారు, ఎంత ఖర్చవుతుంది, ఇక్కడి నుండి చీటీతో సహా తెప్పించుకోవచ్చా, ఇవన్నీ ముందే తేల్చుకోవలసిన విషయాలు. పైన చెప్పిన తల్లి విషయంలో ఈ ఒక్క సంభాషణ జరిగి ఉంటే ఆమె వేళ్లు ఉండేవి.

మందులను పెద్ద సూట్‌కేసులో వేయవద్దు. సూట్‌కేసు ఒక ఊరికి, మీరు ఒక ఊరికి చేరడం కొత్త కాదు. కనీసం వారం రోజుల మందులు చేతి సంచిలో ఉంచుకోండి. ఇన్సులిన్ అయితే మొత్తం చేతి సంచిలోనే ఉండాలి. విమానం అడుగు భాగంలో చలికి గడ్డకడితే అది పనిచేయదు. మందులు షాపువారు ఇచ్చిన అట్టలతోనే ఉండాలి. చోటు కలిసివస్తుందని అన్నీ ఒకే సీసాలో కలిపి పోస్తే, ఏ మాత్ర ఏదో కస్టమ్స్ వారికీ తెలియదు, ఆపదలో డాక్టరుకూ తెలియదు.

అమెరికా ప్రయాణం దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. గడియారము సుమారు తొమ్మిదిన్నర నుండి పదమూడున్నర గంటల దాకా తేడా వస్తుంది. ఇన్సులిన్ ఏ వేళకు ఎంత తీసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరుగారి చేత వ్రాయించుకోండి. షుగరు మాత్ర వేసుకొని, విమానంలో భోజనం నచ్చలేదని మానేసి, కళ్లు తిరిగి పడిపోయినవారు ఉన్నారు. మాత్ర వేసుకుంటే తినాలి. చేతి సంచిలో రెండు బిస్కెట్ పొట్లాలు, నాలుగు పంచదార బిళ్లలు తప్పక ఉండాలి.

పొరుగువారి పార్శిలు

మన సీమలో ఎవరైనా గల్ఫ్ వెళుతున్నారంటే ముందురోజు సాయంత్రం ఇల్లంతా పార్శిళ్లతో నిండుతుంది. ఆవకాయ ఒకరు, ఆత్రేయపురం పూతరేకులు ఒకరు, సున్నుండలు ఒకరు తెచ్చిస్తారు. "వదినగారూ, మా ఆయనకి నడుం నొప్పంట, ఈ మాత్రలు కాస్త ఇచ్చెయ్యండే" అని మరొకరు వస్తారు. కాదంటే బాగుండదని సంచిలో వేసుకుంటాము.

మాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇలాగే పొరుగింటివారి మాత్రలు పట్టుకొని వెళ్లి, గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. చీటీ లేదు. ఏ జబ్బుకో తెలియదు. భాష రాదు. చివరకు ఆ మాత్రలు పారవేయించి వదిలిపెట్టారు. అదృష్టవంతుడు. అందరికీ అలా జరుగుతుందన్న నమ్మకం లేదు.

నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దగ్గుకు వాడే కొడీన్ కలిసిన సిరప్పు, నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే అల్‌ప్రజోలామ్, డయాజిపామ్, నరాల మంటకు ఇచ్చే ప్రిగాబలిన్ ఇక్కడ చాలామంది వాడే మందులే. దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్ దేశంలో ఇవి నియంత్రణలో ఉన్న మందులు. డాక్టరు చీటీతో పాటు, ఆ దేశపు ప్రభుత్వం నుండి ఆన్‌లైనులో ముందుగా అనుమతి తీసుకొని గాని తీసుకువెళ్లకూడదు. మిగిలిన గల్ఫ్ దేశాలలో కూడ ఇటువంటి మందులకు కఠినమైన నియమాలు ఉన్నాయి. ఇంకొక సంగతి చాలామంది గృహిణులకు తెలియదు. మనం కోడికూర మసాలాలో నూరే గసగసాలు ఎమిరేట్స్‌లోకి నిషేధం. గసగసాలు కలిపి నూరిన మసాలా పొడి కూడ ఇబ్బంది తెస్తుంది. ఆ పొడి అబ్బాయికి ఎంత ఇష్టమైనా ఇంట్లోనే ఉంచి రండి.

పార్శిలు కాదనడం మన మర్యాదకు కష్టమే. అయినా మందుల విషయంలో మొహమాటం పనికిరాదు. మీ సంచిలో దొరికినది మీదే అవుతుంది. "నాది కాదండి, పక్కింటివారిది" అనే మాట అక్కడ చెల్లదు. ఇచ్చేవారికి కూడ మా మనవి. మీ మనిషికి నడుం నొప్పి ఉంటే అక్కడి డాక్టరుకు చూపించుకోమని చెప్పండి. పొరుగువారిని చిక్కులో పెట్టవద్దు.

విమానంలో

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చొని ప్రయాణం చేస్తే కాళ్ల రక్తనాళాలలో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలియజేసింది. ఆరోగ్యవంతులలో ఇది అరుదే, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. భయపడవలసినది లేదు. కాని ఇటీవల ఆపరేషను అయినవారు, గర్భిణులు, స్థూలకాయులు, ముందు ఒకసారి కాలిలో గడ్డకట్టినవారు తప్పక డాక్టరును అడిగి వెళ్లాలి. అందరూ గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమలు, మునివేళ్లు ఎత్తి దించుతూ ఉండండి. "బాత్‌రూముకి లేవవలసి వస్తుంది" అని నీళ్లు మానేసే అలవాటు మన ఆడవారిలో ఎక్కువ. ఆ లేవడమే మీకు వ్యాయామం. నీళ్లు త్రాగండి. ప్రయాణం తరువాత ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మోకాళ్ల నొప్పులవారు, ఆయాసం ఉన్నవారు టిక్కెట్టు తీసేటప్పుడే వీల్‌చైరు కావాలని వ్రాయించుకోండి. దానికి డబ్బు అడగరు. "నేనేం రోగినా, చక్రాల కుర్చీ ఎందుకు" అని సిగ్గుపడి, పెద్ద విమానాశ్రయాలలో మైలు దూరం నడిచి, గేటు దగ్గర కూలబడడం కంటె కుర్చీలో కూర్చోవడం మంచిది. వీల్‌చైరు తోసే మనిషి దారి కూడ చూపిస్తాడు. ఇంగ్లీషు రాని పెద్దలకు అదే పెద్ద సహాయం.

యాత్రలో దాచిన స్టెంటు

కొన్నేళ్ల క్రితం మాలో ఒక సిస్టరు ఒక యాత్రా బృందంతో ఈజిప్టు వెళ్లింది. సీనాయి కొండ ఎక్కడం ఆ యాత్రలో భాగం. కొండ ఎత్తు 2,285 మీటర్లు. సూర్యోదయం చూడడానికి అర్ధరాత్రి దాటాక చలిలో ఎక్కడం మొదలుపెడతారు. కొంత దూరం ఒంటెల దారి, చివర సుమారు 750 మెట్లు. సగం దారిలో మన వైపు పెద్దాయన ఒకరు రాయి మీద కూర్చుండిపోయారు. చెమటలు, గుండెలో బరువు. అప్పుడు బయటపెట్టారు, ఏడాది క్రితం స్టెంటు వేశారని. చెబితే యాత్రకు తీసుకురారని చెప్పలేదట.

మా సిస్టరు ఆయనను అక్కడే కూర్చోబెట్టి, నాలుక క్రింద పెట్టుకొనే మాత్ర ఉన్నదా అని అడిగితే, గదిలో సూట్‌కేసులో ఉన్నదన్నారు. ఒంటె మీద దించి ఆసుపత్రికి చేర్చారు. దేవుని దయవల్ల బ్రతికారు. ఆయనతో పాటు మరి నలుగురి యాత్ర కూడ ఆ రోజు ఆగిపోయింది.

యాత్రలు ఏర్పాటు చేసే పెద్దలకు ఒక సలహా. డబ్బు కట్టించుకొనే రోజునే ప్రతి ఒక్కరి దగ్గర పైన చెప్పిన ఆరోగ్య కాగితం అడగండి. జబ్బు ఉన్నవారిని వెనక్కి పంపడానికి అడగవద్దు. వారిని కొండ క్రింద విశ్రాంతిగా కూర్చోబెట్టడానికి, వారి పక్కన ఒక మనిషిని ఉంచడానికి అడగండి. "చెబితే వదిలేస్తారు" అనే భయం పోతే ఎవరూ దాచరు. మృత సముద్రం దగ్గర కూడ జాగ్రత్త. అందులో మనిషి తేలతాడు నిజమే గాని, బోర్లా తిరిగితే ముసలివారు లేవలేరు. ఆ ఉప్పునీరు కళ్లలోకి, గొంతులోకి పోతే ప్రమాదం. వెల్లకిలా మాత్రమే, ఒకరు తోడు ఉండగా దిగాలి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తరువాత ఇశ్రాయేలు యాత్రలు చాలా రద్దయ్యాయి. వెళ్లాలనుకొనేవారు మన విదేశాంగ శాఖ ఇచ్చిన సూచన చూడకుండా డబ్బు కట్టవద్దు.

ఇన్సూరెన్సు ఫారములో నిజం వ్రాయండి

ఐరోపాలోని షెంజెన్ దేశాల వీసాకు ముప్పై వేల యూరోల వైద్య ఇన్సూరెన్సు తప్పనిసరి. అమెరికా వీసాకు తప్పనిసరి కాదు. కాబట్టి చాలామంది లేకుండా వెళుతున్నారు. మా మాట వినండి, అమెరికాకు ఇన్సూరెన్సు లేకుండా వెళ్లవద్దు. ఒక్క రోజు ఆసుపత్రిలో ఉంటే పిల్లల పొదుపు కరిగిపోతుంది.

ఫారములో "మీకు ముందు నుండి ఏ జబ్బులు ఉన్నాయి?" అని అడుగుతారు. ఏజెంటు "ఏమీ లేవని టిక్కు పెట్టండి, ప్రీమియం తగ్గుతుంది" అంటాడు. అలా వ్రాస్తే ఆపదలో క్లెయిము త్రోసివేస్తారు. కట్టిన డబ్బు కూడ వృథా. చాలా పాలసీలు పాత జబ్బులకు అసలే చెల్లించవు, లేదా ఉన్నట్లుండి ముదిరినప్పుడు మాత్రమే కొంతవరకు చెల్లిస్తాయి. ఆ వాక్యం ఎక్కడ ఉన్నదో పిల్లలచేత చదివించుకొని కొనండి.

ఖర్చు భయంతో ఛాతీ నొప్పిని కూడ దాచుకొనేవారున్నారు. అమెరికాలో 1986 నుండి ఒక చట్టం ఉన్నది. దాదాపు అన్ని ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు డబ్బుతో నిమిత్తం లేకుండా వచ్చిన రోగిని పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే స్థిమితపరచాలి. బిల్లు తరువాత వస్తుంది, నిజమే. బిల్లు గూర్చి తరువాత మాట్లాడుకోవచ్చు. ముందు మనిషి ఉండాలి. భాష రాకపోతే అడగండి, చాలా ఆసుపత్రులలో ఫోనులో తెలుగు దుబాసీని ఏర్పాటు చేస్తారు.

అత్యవసర నంబర్లు వ్రాసుకోండి. అమెరికా, కెనడా 911. బ్రిటన్ 999. ఐరోపా దేశాలు 112. ఆస్ట్రేలియా 000. సింగపూరు అంబులెన్సు 995. ఎమిరేట్స్ అంబులెన్సు 998. కువైట్ 112. ఒమన్ 9999. ఖతార్, బహ్రెయిన్ 999. సౌదీ అంబులెన్సు 997. మన 108 అక్కడ పనిచేయదు.

ఎండ, రోడ్డు, నీరు, కుక్కకాటు

మన ఎండకు అలవాటు పడినవారమని గల్ఫ్ ఎండను తేలికగా తీసుకోవద్దు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా బయట పనిచేయించడమే నిషేధం. కూలివారినే ఆపే ఎండలో మనం షికారు తిరగకూడదు. పిల్లలను చూడడానికి వెళ్లేవారు నవంబరు నుండి మార్చి లోపు వెళితే సుఖం.

గల్ఫ్‌లో, అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మనం అలవాటు కొద్దీ కుడిప్రక్క చూసి అడుగు వేస్తాము, బండి ఎడమ నుండి వస్తుంది. రెండు వైపులా చూసి, గీతలు ఉన్నచోటే దాటండి. మనవడి చేయి పట్టుకొని ఉన్నప్పుడు మరీ జాగ్రత్త.

థాయిలాండు, బాలి, శ్రీలంక వంటి చోట్ల మూత తీయని సీసా నీళ్లే త్రాగండి. ఐసు వేయించుకోవద్దు. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీటిలో ఆరు సమతల టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి త్రాగుతూ ఉండాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు తీసుకువెళితే ఇంకా మంచిది. కుక్క గాని, గుళ్ల దగ్గర కోతి గాని కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, అదే రోజున టీకా వేయించుకోవాలి. బాలిలో 2008 నుండి రేబిస్ ఉన్నది. "ఊరెళ్లాక చూద్దాం" అనవద్దు.

ఆఫ్రికా దేశాలకు వెళ్లేవారిలో చాలామందికి ఎల్లో ఫీవర్ టీకా అవసరం. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటి కేంద్రం. ఒకసారి వేయించుకుంటే 2016 నుండి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుండి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు.

తిరిగి వచ్చిన తరువాత

ఇక్కడ ఒక మాట మనస్సు విప్పి చెప్పాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు విదేశాల నుండి వచ్చినవారిని మన ఊళ్లు ఎలా చూశాయో మనకు గుర్తున్నది. తలుపులు వేసుకున్నాము. వేలు చూపించాము. ఆ భయం అప్పటి రోజులకు అర్థం చేసుకోదగినదే. కాని దాని ఫలితం ఏమిటంటే, ఇప్పటికీ కొందరు ఓ.పి.లో "ఎక్కడికైనా వెళ్లారా?" అని అడిగితే "లేదండి" అంటారు. పక్కన కూర్చున్నవారు వింటారేమోనని భయం.

అది చాలా ప్రమాదం. ఆఫ్రికా నుండి వచ్చిన మనిషికి జ్వరం వస్తే ముందుగా మలేరియా చూడాలి, ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుంది. సింగపూరు, థాయిలాండు నుండి వస్తే డెంగీ చూడాలి. సౌదీలో 2012లో కనిపెట్టిన మెర్స్ అనే జబ్బు ఒంటెల నుండి వస్తుంది, అక్కడి నుండి వచ్చి దగ్గు, ఆయాసం ఉన్నవారిని విడిగా చూడవలసి ఉంటుంది. మీరు ఎక్కడి నుండి వచ్చారో చెప్పకపోతే డాక్టరుగారు మామూలు జ్వరం మందు వ్రాస్తారు. గట్టిగా చెప్పడం ఇష్టం లేకపోతే సిస్టరును పక్కకు పిలిచి చెప్పండి. మా నోటి నుండి అది బయటకు పోదు. ఊరివారికి కూడ మనవి. తిరిగి వచ్చినవారిని ఆదరించండి. వేలు చూపించే ఊరిలో ఎవరూ జబ్బు చెప్పుకోరు. చెప్పుకోని జబ్బు అందరికీ అంటుతుంది.

చివరి మాట

విదేశం వెళ్లేవారు కనీసం ఆరు వారాల ముందు ఒకసారి ఓ.పి.కి రండి. బి.పి., షుగరు, గుండె చూపించుకోండి. పెద్దవారు ఫ్లూ టీకా గూర్చి అడగండి. పంటి నొప్పి ఉంటే ఇక్కడే చూపించుకోండి, అమెరికాలో పన్ను తీయించడం చాలా ఖరీదు. మందుల చీటీ టైపు చేసి ఇమ్మని అడగండి. "వాళ్లు ఊరు తిరగడానికి వెళుతుంటే మాకు ఈ పని ఏమిటి" అని మేము ఎన్నడూ అనుకోము.

మొదట చెప్పిన తల్లి కాలు మానింది. ఈ సంవత్సరం రెండో మనవడిని చూడడానికి మళ్లీ వెళ్లింది. వెళ్లేముందు రోజు వచ్చి, పాస్‌పోర్టు కవరులో మడతపెట్టిన కాగితం తీసి మాకు చూపించింది. "ఒకటి అమ్మాయికి కూడా పంపించేనండి. ఈసారి మాత్రలు అదే లెక్కెడతానంది" అని నవ్వింది. మొన్న ఆదివారం అమ్మాయి ఫోను చేసింది. షుగరు 140 అట.